కొయ్య రెక్కల జ్ఞాపకం

జేఆర్‌డీ నడిపిన బుల్లి విమానాలను దేశం తలచుకుంటూనే ఉంది. వాటిని మళ్లీ గాల్లోకి లేపే పనితనానికే ఇక్కడ కరవు

1982 అక్టోబర్ 15న కరాచీ నుంచి బయల్దేరిన ఒక బుల్లి విమానం బొంబాయిలోని జుహూలో దిగింది. ఒకే ఇంజన్, కొయ్య రెక్కలు, పైన గుడ్డ. నడిపిన వ్యక్తి వయసు 78 ఏళ్లు. ఆ వయసులో పెద్దమనుషులను కారు నడపనివ్వడానికే ఇంట్లోవాళ్లు జంకుతారు. జేఆర్‌డీ టాటా మాత్రం సరిగ్గా 50 ఏళ్ల కిందట తాను టపా సంచీ వేసుకుని ఎగిరిన దారిలోనే మళ్లీ ఎగిరారు. దేశంలో పేరుకుపోతున్న నిరాశ చూసి దిగులేసిందని, కుర్రకారులో కాస్త ఉత్సాహం రేపాలనే ఈ పని చేశానని ఆయన చెప్పుకున్నారు.

అయితే ఆ రోజు ఆయన నడిపింది 1932 నాటి పుస్ మాత్ రకం కాదు. దాని తమ్ముడు లెపర్డ్ మాత్. మాత్ అంటే దీపం చుట్టూ తిరిగే పురుగు. విమానాలు తయారుచేసిన బ్రిటిష్ ఇంజనీరు జెఫ్రీ డి హావిలాండ్‌కు ఆ పురుగులను సేకరించే పిచ్చి ఉండేది. అందుకే ఆయన కంపెనీ విమానాలకు వరసగా ఆ పేర్లే పెట్టారు. పురుగులాగే వీటి రెక్కలూ వెనక్కి ముడుచుకుంటాయి. మామూలు షెడ్డులో కూడా పట్టేస్తాయి.

అన్నదమ్ములే అయినా ఒళ్లు వేరు. పుస్ మాత్ అస్థిపంజరం ఉక్కు గొట్టాలతో కట్టినది. 1933లో వచ్చిన లెపర్డ్ మాత్‌కు కంపెనీ మళ్లీ కొయ్యనే నమ్ముకుంది. స్ప్రూస్ కలప, ప్లైవుడ్ వాడటంతో బరువు తగ్గింది. ముందు పైలట్, వెనక ఇద్దరు ప్రయాణికులు. ఇంజన్ శక్తి 130 హార్స్‌పవర్. ఇవాళ కొన్ని కార్లకు అంతకంటే ఎక్కువే ఉంటుంది. తయారైనవి 130కి కాస్త పైన. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడైనా ఒకటి ఎగిరిందంటే దాని వెనక ఏళ్ల తరబడి సాగిన వడ్రంగం ఉన్నట్టే.

వడ్రంగం అన్నది అలంకారానికి వాడిన మాట కాదు. పాత కొయ్య విమానం బాగుచేయడం మొదలయ్యేది చెవితోనే. సంతలో కుండను తట్టి చూసినట్టు, పనిమంతుడు రెక్క దూలాన్ని అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళతాడు. కణకణమంటే కలప బాగున్నట్టు. బొద్దుగా మోగితే లోపల పుచ్చో, జిగురు వదిలేసిన అతుకో ఉన్నట్టు. ఆ కాలంలో కలపను అతికించింది పాల నుంచి తీసిన కేసీన్ జిగురుతో. తేమ తగిలితే దానికి బూజు పడుతుంది. ఉడుకూ ఉక్కా కలిసిన మన వాతావరణం దానికి పగ. 1944లో భారత్‌లో ఉన్న బ్రిటిష్ వైమానిక దళపు మస్కిటో యుద్ధ విమానాలు గాల్లోనే విరిగిపడితే, వాటిని నేల మీద నిలిపేసి విచారణ జరిపారు. అవీ డి హావిలాండ్ చేసిన కొయ్య విమానాలే. తప్పు వాతావరణానిదా, ఫ్యాక్టరీలో అతికించిన తీరుదా అన్న వాదన చాలాకాలం నడిచింది. ఇప్పుడు బాగుచేసేవారు కేసీన్ జోలికి పోరు, రసాయన జిగుర్లు వాడతారు.

తర్వాత గుడ్డ పని. రెక్కకు లినెన్ చుట్టి, లోపలి ఒక్కో పక్కటెముకకూ మైనం పూసిన దారంతో కుట్టాలి. పైనుంచి లోపలికి, లోపలి నుంచి పైకి పొడవాటి సూది దూరుస్తూ, ప్రతి కుట్టుకూ ముడి వేస్తూ పోవాలి. కుట్ల మీద గుడ్డ పట్టీ అంటించాక డోప్ అనే లక్క లాంటి ద్రవం పూత మీద పూత పడుతుంది. ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుని డోలు చర్మంలా తయారవుతుంది. చేయి తిరిగినవారు వేలితో మీటి చాలా, చాలదా చెప్పేస్తారు. పూత అయ్యాక ముడులు కంటికి ఆనవు. కానీ వాటిలో లోపముంటే గాల్లో గుడ్డ బుడగలా ఉబ్బుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పుస్తకంలో చదివితే వచ్చే విద్య కాదిది. ఒకరి పక్కన ఒకరు కూర్చుని నేర్చుకోవాల్సిందే.

ఇంజన్‌తో తలనొప్పి కాస్త తక్కువ. లెపర్డ్ మాత్‌కు అమర్చిన జిప్సీ మేజర్ ఇంజనే టైగర్ మాత్‌కూ ఉంది. 8,000కు పైగా తయారైన టైగర్ మాత్‌ల పుణ్యమా అని విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. మన తాతల తరం పైలట్లకు ఓనమాలు దిద్దించిన విమానమది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ బేగంపేటలో నడిచిన ప్రాథమిక శిక్షణ పాఠశాల కుర్రాళ్లు టైగర్ మాత్‌ల మీదే గాల్లోకి లేచారు.

కథలో అసలు ముల్లు ఇక్కడే ఉంది. 2012 అక్టోబర్ 8న భారత వైమానిక దళం 80వ వార్షికోత్సవంలో, హిండన్ స్థావరం మీదుగా ఓ టైగర్ మాత్ ఎగిరి వెళితే చప్పట్లు మోగాయి. మన దళానికి చెందిన ఆ విమానాన్ని బాగుచేయించింది మాత్రం బ్రిటన్‌లో. తప్పుపట్టడానికి లేదు. అక్కడ మాత్ యజమానుల క్లబ్బు 1975 నుంచీ ఉంది. పాత డ్రాయింగులను భద్రపరిచి, ఏ భాగం ఎలా మార్చాలో సాధికారంగా చెప్పే సంస్థ ఉంది. ఈ రంగంలో విమానం ఎగరడానికి పెట్రోలుతో పాటు కాగితమూ కావాలి.

కానీ సరుకు అటు వెళ్లిందెక్కడి నుంచి? 1970ల్లో మన వైమానిక స్థావరాల మూలల్లో పడి ఉన్న స్పిట్‌ఫైర్లను బ్రిటిష్ సేకర్తలు వెతికి పట్టుకుపోయారు. ఒకే సేకర్త 8 స్పిట్‌ఫైర్లు తరలించుకెళ్లాడు. మనకు అవి తుక్కు, వాళ్లకు నిధి. చట్టం కూడా మనవైపు లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం మామూలుగా నూరేళ్లు నిండిన వస్తువునే పురావస్తువుగా గుర్తిస్తుంది. ఆ లెక్కన మొట్టమొదటి లెపర్డ్ మాత్‌కైనా 2033 దాకా ఆ హోదా రాదు. కొయ్యా గుడ్డా అంతవరకూ ఆగుతాయా అన్నది చట్టం పట్టించుకునే విషయం కాదు.

అలాగని దొరికిన ప్రతి పాత విమానాన్నీ ఎగరేయాలనడం మొండితనం. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఉన్న వాపిటి, ఆ రకంలో పూర్తి రూపంతో ప్రపంచంలో మిగిలిన ఏకైక విమానం. దాన్ని గాల్లోకి లేపాలని ఎవరూ అడగకూడదు. పుస్ మాత్‌కే తొలి రోజుల్లో గాల్లో రెక్కలు విరిగి ప్రాణాలు పోయిన చరిత్ర ఉంది. వేలల్లో తయారైన టైగర్ మాత్‌ది వేరే సంగతి. దాన్ని అద్దాల గదిలో పెడితే ఆకారం మిగులుతుంది. ఎగరేస్తేనే కుట్టేవారూ అతికేవారూ మిగులుతారు. లెపర్డ్ మాత్ ఈ రెంటికీ మధ్యలో ఉంది. దూలాలు, గుడ్డ, జిగురు అన్నీ మార్చాక అది జేఆర్‌డీ కాలపు విమానమేనా అని అడిగేవారుంటారు. రథోత్సవం జరిగే ఏ ఊళ్లోనైనా ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. చక్రాలు మార్చినంత మాత్రాన రథం కొత్తదైపోయిందని అక్కడెవరూ అనరు.

జ్ఞాపకానికి మాత్రం లోటు లేదు. 2021 అక్టోబర్ 15న ఆరోహి పండిట్ అనే యువ పైలట్ ఆధునిక పిపిస్ట్రెల్ విమానంలో భుజ్ నుంచి జుహూకు ఎగిరి జేఆర్‌డీ యాత్రను గుర్తుచేసింది. 2022 జనవరిలో ఎయిరిండియా మళ్లీ టాటాల చేతికి వచ్చినప్పుడు ప్రతి పత్రికా పుస్ మాత్ ఫొటో వేసింది. ఆ తొలి టపా యాత్రకు 2032 అక్టోబర్ 15తో నూరేళ్లు నిండుతాయి. ఆ రోజు ఆ కాలపు విమానమే జుహూలో దిగాలనుకునేవారు కలప ఎంచుకోవడం ఇప్పుడే మొదలుపెట్టాలి. సూది పట్టేవారిని వెతకడం అంతకంటే ముందే.