అంబటి రాయుడు: ఆట, అలక

2018 అక్టోబరు 24వ తేదీన కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి, మధురవాడ స్టేడియానికి చేరుకున్నాం నేనూ, నా మిత్రులూ. అందరూ ఆ రోజును కోహ్లీ 157 నాటౌట్ కోసం, వెస్టిండీస్‌తో 321 పరుగుల దగ్గర ‘టై’ అయిన ఆట కోసం గుర్తుంచుకుంటారు. నాకు మాత్రం ఇంకొకటి గుర్తుంది. 40 పరుగులకే ఓపెనర్లిద్దరూ అవుటయ్యాక మన గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు వచ్చి, 80 బంతుల్లో 73 పరుగులు చేశాడు. ముక్కుమీద కోపం ఉన్న మనిషని పేరుపడ్డ వాడాయె! నా పక్కనున్న మిత్రుడు, “ఏటిరా ఇతగాడి ఓపిక!” అన్నాడు. ఆ మాటే ఈ వ్యాసానికి మూలం.

రాయుడు 1985లో పుట్టాడు. 2002లో అండర్-19 జట్టుతో ఇంగ్లండు వెళ్ళి, టాంటన్‌లో ఓపెనరుగా దిగి 177 నాటౌట్ కొట్టాడు. 300 దాటిన లక్ష్యాన్ని గెలిపించాడు. ఓపెనరు పని ఎంత కష్టమో మన కళాశాల మైదానంలో ఆడినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కొత్త బంతి గట్టిగా ఉంటుంది, గాలిలో వంకర తిరుగుతుంది. ఇంగ్లండులో అయితే మరీను. ఆ ఏడాదే రంజీ పోటీలలో హైదరాబాదు తరఫున ఆంధ్ర మీద ఒకే ఆటలో 210, 159 నాటౌట్ చేశాడు. అప్పటికి వయసు పదిహేడు. ఇక భారత జట్టులో చోటు రేపో మాపో అనుకున్నారంతా.

ఆ ‘రేపు’ రావడానికి పదకొండేళ్ళు పట్టింది. కారణాలు అనేకం. 2005లో హైదరాబాదు ఆటగాడొకరితో మైదానంలోనే జరిగిన ఘర్షణ పత్రికలకెక్కింది. 2007లో బోర్డు గుర్తింపు లేని ఐసీఎల్‌లో చేరి దేశవాళీ క్రికెట్‌కు దూరమయ్యాడు. 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించాకే మళ్ళీ దారి తెరుచుకుంది. 2013 జులైలో జింబాబ్వేపై తొలి వన్డే ఆడి 63 నాటౌట్ చేశాడు.

2018లో కూడా అంతే. ఆ ఏడాది మొదట్లో కర్ణాటకతో ఆటలో, రెండు పరుగులు తరువాత కలిపారని హైదరాబాదు కెప్టెనుగా అంపైర్లతో వాదించి రెండు మ్యాచుల నిషేధం తెచ్చుకున్నాడు. అదే మనిషి కొన్ని నెలలకే ఐపీఎల్‌లో చెన్నై తరఫున 602 పరుగులు చేశాడు. ఆ సీజనులోనే ఓపెనరుగా ఒక సెంచరీ కూడా కొట్టాడు.

అతని అసలు గొప్పతనం నాకు కనబడింది 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో. న్యూజీలాండ్ మీద మనవాళ్ళు 18 పరుగులకే 4 వికెట్లు పోగొట్టుకున్నారు. రాయుడు 113 బంతులాడి 90 చేశాడు. 35 పరుగులతో గెలిచాం. ఆ రోజు అతనికి తోడుగా నిలబడి 45 చేసినవాడు విజయ్ శంకర్. విధి ఎంత చిత్రమైనదో చూడండి: రెండున్నర నెలల తర్వాత ప్రపంచకప్ జట్టులో రాయుడు లేడు, విజయ్ శంకర్ ఉన్నాడు. శంకర్ ‘మూడు కోణాల’ ఆటగాడని సెలెక్టర్లు చెప్పారు. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్ళద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు వెటకారమాడాడు. తరువాత గాయాలతో ఖాళీలు ఏర్పడ్డా పిలుపు రాలేదు. జులై 3న ఆటకే నమస్కారం పెట్టేశాడు. సరిగ్గా వారానికి, జులై 10న సెమీ ఫైనల్‌లో మనవాళ్ళు 5 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకుని, 18 పరుగులతో ఓడిపోయారు.

అతనికి అన్యాయం జరిగిందా? జరిగిందనే నా అభిప్రాయం. కాని అన్యాయానికి అలక మందు కాదు. ఈ సంగతి అతనికీ త్వరగానే తెలిసింది. రెండు నెలలైనా కాకముందే, ఆగస్టు నెలాఖరులో, మళ్ళీ ఆడతానని లేఖ రాశాడు. ఇంగ్లండు ఓపెనరు జెఫ్రీ బాయ్‌కాట్ కూడా 1974లో తనంతట తానే టెస్టులకు దూరమై, 1977లో తిరిగివచ్చి నాటింగ్‌హామ్‌లో 107, 80 నాటౌట్ చేశాడు. ఇద్దరూ గొప్పవాళ్ళు. వెళ్ళిపోవడం వల్ల కాదు, తిరిగి రావడం వల్ల.

రాయుడు తిరిగొచ్చాక భారత జట్టుకు ఆడలేదు. 55 వన్డేలు, 1694 పరుగులు, 47 సగటు. టెస్టు ఒక్కటీ లేదు. అయినా 2023 మే 29న ఐపీఎల్ ఫైనల్‌లో 8 బంతుల్లో 19 కొట్టి, ఆరోసారి విజేత జట్టులో నిలబడి మరీ సెలవు తీసుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా ఒక ఆటకు జట్టులో నా పేరు లేదని తెలిసి ప్యాడ్లూ గ్లౌజులూ ఆఫీసు బల్లమీద పడేసి వచ్చేశాను. ఎవరో ఒకరు వచ్చి బతిమాలతారని వారం రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. నేనూ వెళ్ళలేదు. మళ్ళీ బ్యాటు పట్టలేదు.

తమ్ముళ్ళూ, కోపం రావడం తప్పని నేననను. ఆ రోజు మధురవాడలో చూసిన ఓపిక ఆ కోపిష్ఠిదే. కోపంలో వదిలేసిన గ్లౌజుల కోసం మర్నాడు వెళ్ళాలంటే సిగ్గేస్తుంది. ఆ సిగ్గు దాటి ఒక్కసారి వెళ్ళిరండి. నేను చెయ్యలేని పని అదొక్కటే.