పాట పూర్తయినా ఆల్బమ్ ఎందుకు పూర్తికాదు?
బెంగళూరు ఇంటి స్టూడియోలలో చివరిదశ చిక్కులు

కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం ప్రాంతాల నుండి ఉద్యోగరీత్యా బెంగళూరు చేరిన యువతలో సంగీతాభిలాష గలవారు తక్కువేమీ కాదు. అద్దెగదిలోనే కంప్యూటరు, మైకు, సౌండ్ కార్డు, హెడ్‌ఫోన్లు అమర్చుకొని పాటలు రికార్డు చేసేవారున్నారు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు పెద్దల చేత పాడించిన చెక్కభజన పాటలు, కోలాటం పాటలు, కైవారం తాతయ్య తత్త్వాలు ఒక ఆల్బమ్‌గా తేవాలన్నది వారిలో కొందరి సంకల్పం. అయితే "పాడడం అయిపోయింది, వచ్చే నెలలో వస్తుంది" అన్న మాటను సంక్రాంతికి విని, ఉగాదికి విని, వినాయక చవితికి కూడా వింటే ఇంటివారికి అనుమానం కలగడం సహజం.

ఈ ఆలస్యానికి కారణం చాలాసార్లు బద్ధకం కాదు. పాడడం పూర్తయిన తరువాతే అసలు సాంకేతిక సమస్యలు బయటపడతాయి. వాటిలో కొన్ని సరిదిద్దదగినవి, మరికొన్ని ఎంత ధనం వెచ్చించినా సరిదిద్దరానివి. ఈ భేదాన్ని పాడేవారూ, వారి కుటుంబసభ్యులూ ముందుగా గ్రహించడం అవసరం.

గదిలోకి వచ్చిన స్టూడియో

ఒకప్పుడు కన్నడ సినిమా పాటల ధ్వనిముద్రణకు సైతం మద్రాసు వెళ్లవలసి వచ్చేది. నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ బెంగళూరులో సంకేత్ స్టూడియోను నెలకొల్పిన తరువాత ఆ పరిస్థితి కొంత మారింది. కంప్యూటర్ల ధరలు తగ్గాక స్టూడియో పడకగదిలోకే వచ్చింది. బెంగళూరుకు చెందిన రికీ కేజ్, అమెరికా సంగీతకారుడు స్టూవర్ట్ కోప్‌లాండ్ కోవిడ్ కాలంలో దూరదూరాన ఉండి రూపొందించిన "డివైన్ టైడ్స్" ఆల్బమ్‌కు 2022లో గ్రామీ పురస్కారం లభించింది. కళాకారులు ఒకేచోట కూడకపోయినా ఉత్తమమైన ఆల్బమ్ తయారు కాగలదని దీనివల్ల తెలుస్తున్నది.

కాని పెద్ద స్టూడియోలో గాయకుడు పాడడం మీదనే దృష్టి నిలిపితే, యంత్రాలను మరొకరు, భద్రపరచే పనిని ఇంకొకరు చూసుకొంటారు. ఇంటి స్టూడియోలో ఈ బాధ్యతలన్నీ ఒక్కరివే. ఉద్యోగం ముగించుకొని రాత్రివేళ కూర్చొనే వ్యక్తికి వీటిలో ఏదో ఒకటి మరపుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

సరిదిద్దదగిన చిక్కులు

మొదటిది శ్రుతి మారడం. కంప్యూటరు శబ్దాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా నిల్వ చేస్తుంది. సంగీతం సీడీలకు ఈ కొలత సెకనుకు 44,100 సార్లు. వీడియోలకు సాధారణంగా 48,000 సార్లు. ఊరిలో 48,000 కొలతతో రికార్డు చేసిన పాటను బెంగళూరులో పొరపాటున 44,100 కొలతగా తెరిస్తే 5 నిమిషాల పాట దాదాపు 5 నిమిషాల 26 సెకన్లకు సాగుతుంది. శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది. దానికి తోడుగా వేసిన తంబుర, హార్మోనియం ఏవీ కలియవు. అయినా అసలు పాట చెడలేదు. సరైన కొలతను గుర్తించి మరల తెరిస్తే చాలు.

రెండవది ఆలస్యపు ధ్వని. గాయకుని స్వరం మైకు నుండి కంప్యూటరులోకి వెళ్లి హెడ్‌ఫోన్‌లోకి తిరిగి రావడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఈ వ్యవధి పెరిగితే తన గొంతే తనకు వెనుకబడి వినిపించి గాయకుడు తాళం తప్పుతాడు. స్వరం కంప్యూటరును చుట్టిరాకుండా సౌండ్ కార్డు నుండే నేరుగా వినిపించే ఏర్పాటు చాలా పరికరాలలో ఉన్నది. దానిని వాడుకొంటే సమస్య తీరుతుంది.

మూడవది హెడ్‌ఫోన్‌లో బాగున్న పాట బయట బాగుండకపోవడం. ఒకే గాయకుని ముందు రెండు మైకులు పెట్టి, ఒకదాని తీగలు తారుమారుగా కలిపితే రెండు సంకేతాలూ పరస్పరం వ్యతిరేకమవుతాయి. హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి వినిపిస్తాయి కనుక లోపం సులభంగా తెలియదు. ఊరి గుడిలోని మైకుసెట్టులో రెండూ ఒకే హారన్ గుండా కలిసి వచ్చినప్పుడు ఒకదానినొకటి రద్దు చేసుకొని గాయకుని గొంతే పలుచబడిపోతుంది. కనుక ఆల్బమ్ విడుదలకు ముందే మొబైల్ ఫోన్‌లో, ఒకే స్పీకరున్న పెట్టెలో, వీలైతే గుడి మైకులో వినడం మంచిది. లోపం కనబడితే ఒక సంకేతాన్ని తిరగవేసి సరిచేయవచ్చు.

నాలుగవది మధ్యలో సాఫ్ట్‌వేరు మార్చడం. పని సగంలో ఉండగా కంప్యూటరును కొత్త రూపానికి మార్చితే, పాటలో వాడిన చిన్న ప్రోగ్రాములు కొన్ని తెరుచుకోకపోవచ్చు. ప్రతి గొంతునూ, ప్రతి వాద్యాన్నీ పాట ఆరంభం నుండి చివరి వరకు విడివిడిగా వేవ్ ఫైళ్లుగా తీసి ఉంచుకొంటే ఏ సాఫ్ట్‌వేరులోనైనా పని కొనసాగించవచ్చు.

సరిదిద్దరాని నష్టాలు

మైకు శక్తిని అవసరానికి మించి పెంచి రికార్డు చేస్తే గొంతు హెచ్చిన చోట ధ్వని తల తెగిపోతుంది. నిండిన కుండలో ఇంకా నీరు పోస్తే నేలపాలైనట్లే, హద్దు దాటిన ధ్వని నమోదే కాదు. ఆ గరగర శబ్దాన్ని తగ్గించే సాధనాలు ఉన్నప్పటికీ పోయిన స్వరాన్ని యథాతథంగా తేలేవు. 24 బిట్ల పద్ధతిలో రికార్డు చేసేటప్పుడు పై హద్దుకు సుమారు 10 డెసిబెల్స్ దిగువన ఉండేలా చూసుకొంటే ఈ ప్రమాదం ఉండదు.

మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు గలది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో అదే "హుమ్" అనే మోతగా పాటలో చేరుతుంది. తరువాత దానిని తొలగించబోతే గొంతులోని గాంభీర్యం కూడా కొంత పోతుంది. రికార్డు చేసే సమయంలో ఫ్యాను, ఫ్రిజ్ ఆపి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం చాలాచోట్ల ఉపకరిస్తుంది.

అన్నిటికంటె పెద్ద నష్టం హార్డ్ డిస్క్ చెడిపోవడం. 1905లోనే శివనసముద్రం జలవిద్యుత్తుతో వీధిదీపాలు వెలిగిన నగరమైనా, బెంగళూరులో వానకాలపు కరెంటు కోతలు తెలియనివారు లేరు. డిస్క్ మీద వ్రాత సాగుతుండగా కరెంటు పోతే ఫైలు చెడవచ్చు. యూపీఎస్ ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది. డిస్క్ దానంతట అదే చెడిపోయే రోజుకు మాత్రం ప్రతులు తప్ప మరొక రక్షణ లేదు.

ఇంటివారు చేయగలిగిన సాయం

వాద్యాన్ని మరల వాయించవచ్చు, మిక్సింగ్‌ను మరల చేయవచ్చు. ఎనభై ఏళ్ల అవ్వ ఒక సంక్రాంతికి పాడిన పాటను వచ్చే సంక్రాంతికి పాడగలదని ఎవరూ చెప్పలేరు. కనుక ఆల్బమ్ కంటె ముందు కాపాడవలసినది ఆ తొలి రికార్డింగునే.

దీనికి లోకమంతా పాటించే నియమం సులభమైనది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే ఊరిలో. 24 బిట్లు, 48,000 కొలతతో తీసిన ఒక గొంతు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు మాత్రమే; గంటసేపు పాడినా దాదాపు 520 మెగాబైట్లు. బెంగళూరు గదిలో రెండు ప్రతులు ఉంటే, మూడవది ఊరిలోని ట్రంకుపెట్టెలో పొలం పత్రాల పక్కన ఉండవచ్చు. పాట పేరు, పాడినవారి పేరు, తేదీ, కొలత ఒక కాగితం మీద వ్రాసి దానితో జతచేయాలి. ఏడాదికొకసారి తెరిచి విని, కొత్త డిస్క్‌లోకి ఎక్కించాలి.

పండుగకు వచ్చిన పిల్లలను "ఆల్బమ్ ఎప్పుడు?" అని అడగడానికి ముందు "అవ్వ పాట ఎన్నిచోట్ల దాచినావు?" అని అడగడం మేలు. ఒక్కచోటే అని జవాబు వస్తే, వారు తిరుగు బస్సు ఎక్కకముందే రెండవ ప్రతి ఊరిలో ఉంచుకోవాలి.