కావలి కుక్కకు మాంసము కోయు కత్తి

ధర్పల్లి చుట్టుపట్ల మక్క, పసుపు, వరి పండించు రైతు సోదరులకు కుక్క అలంకారము కొరకు పెంచునది కాదు. అడవి అంచున ఉన్న చేలలో మక్క కంకి పాలు పట్టినది మొదలు అడవిపందులను అదిలించునది అదే. జనవరి నుండి మార్చి వరకు పసుపు తవ్వి, ఉడికించి, కళ్లములో ఆరబోసిన పది పదిహేను దినములు రాత్రి కావలి దానిదే. గొల్ల, కురుమ సోదరుల మందల వెంట నడుచునదియు అదే. ఇంత పనిచేయు జంతువునకు మనము పెట్టు తిండి ఏమి? మిగిలిన అన్నము, ఇంత గట్క, ఆదివారమునాడు యాట కోసిన చోట పారవేసిన పేగులు, తిత్తులు, తలకాయ. ఈ చివరి దానిని గూర్చియే ఈ వ్యాసము.

కుక్కకు మాంసము పెట్టవద్దని చెప్పుట నా ఉద్దేశము కాదు. పెట్టవలసినదే. అయితే యాటలో ఏ భాగము పెట్టవచ్చును, ఏ భాగము ఉడకనిదే పెట్టరాదు, దానిని ఏ కత్తితో ఎట్లు కోయవలెను అనునది తెలిసి చేయుట వేరు, గోడ వెనుకకు విసరి చేతులు కడుగుకొనుట వేరు. రెండవ పద్ధతి వలన కుక్కకు నష్టము స్వల్పము. గొర్రెకు, ఇంటిలోని పిల్లలకు నష్టము పెద్దది.

కుక్క ప్రేగులలో ఒక చిన్న బద్దె పురుగు పెరుగును. దాని పేరు ఎకినోకాకస్. పొడవు అర సెంటీమీటరుకు అటు ఇటుగా ఉండును. కంటికి ఆనుట కష్టము. ఇట్టివి వందలు, వేలు ఉన్నను కుక్క ఆరోగ్యముగనే కనబడును. పురుగు గుడ్లు కుక్క మలముతో బయటపడి గడ్డి మీద, కూరమడి మీద, కుక్క బొచ్చు మీద అంటుకొనును. చల్లని తేమ నేలలో ఆ గుడ్లు నెలల తరబడి చావవు. ఫినాయిలు పోసినను చావవు. గడ్డితో బాటు గొర్రె వానిని మింగినచో దాని కార్జములో, ఊపిరితిత్తులలో నీటి బుడగలు పెరుగును. కుక్కను నిమిరి చేయి కడుగక అన్నము తినిన పిల్లవానికిని అట్టి బుడగలే పెరుగును. అవి పెరుగుటకు ఏండ్లు పట్టును. నిమ్మకాయంత, కొబ్బరికాయంత అయిన తరువాత కడుపు నొప్పియో, ఆయాసమో వచ్చి ఆసుపత్రికి పోయిననాడు శస్త్రచికిత్స తప్పకపోవచ్చును. వైద్యులు దీనిని హైడాటిడ్ వ్యాధి అందురు. ఇది మనకు క్రొత్త కాదు. కర్నూలు ప్రాంతములో ఈ వ్యాధి వ్యాప్తిని గూర్చిన అధ్యయనము 1968లోనే వైద్యపత్రికలో వెలువడినది.

ఇచ్చట ఒక సంగతి సరిగా గ్రహించవలెను. బుడగ ఉన్న కార్జమును కోసినందువలన, ఆ నీరు చేతికి తగిలినందువలన మనిషికి ఈ వ్యాధి రాదు. ఆ బుడగను పచ్చిగా కుక్క తినవలెను. ఆరేడు వారములలో దాని ప్రేగులలో పురుగులు పెరిగి గుడ్లు విడువవలెను. ఆ గుడ్లు మన నోటికి చేరవలెను. అనగా గొర్రె నుండి కుక్కకు పోవు దారిలో ఒక చోట మన చేయి ఉన్నది. ఆ చేతిలో కత్తి ఉన్నది. గొలుసు తెగగొట్టుటకు అంతకంటె సులువైన చోటు లేదు.

ఈ మాట మందల దగ్గర చెప్పినప్పుడు ఒక వృద్ధ గొల్ల పెద్ద నన్ను ఇట్లు అడిగినాడు: “మా తాతల నాటి సంది తలకాయలు, తిత్తులు కుక్కలకే ఏస్తున్నం సారూ. గవి పారేస్తే దాని కడుపెట్ల నిండాలె?” న్యాయమైన ప్రశ్న. నేను ఎదురు ప్రశ్న వేసితిని: మందలో తల ఒక ప్రక్కకు వాల్చి, గుండ్రముగా తిరిగి తిరిగి పడిపోవు గొర్రెలు మీకు కనబడలేదా? ఆయన తల ఊపినాడు. అట్టి గొర్రెను కోసి, పుర్రె పగులగొట్టి, భేజా ఎవరికి వేసినారు? కుక్కకే. ఆ భేజాలో ఉన్నది మరొక బద్దె పురుగు బుడగ. దానిని తినిన కుక్క అదే మేతబీడులో గుడ్లు విడుచును. వచ్చే సంవత్సరము మరి కొన్ని గొర్రెలు తిరుగుట మొదలిడును. “గట్లయితే మా గొర్రెలను మేమే సంపుకుంటున్నమన్నట్టు,” అన్నాడు పెద్దాయన. 2017లో ఆరంభమైన గొర్రెల పంపిణీ పథకమున యూనిట్ ఒక్కింటికి 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున మన రాష్ట్రములోని గ్రామములకు వచ్చినవి. వానిలో పొరుగు రాష్ట్రములనుండి కొని తెచ్చినవియు పెక్కు. మందలు పెరిగిన చోట ఈ లెక్క మరింత జాగ్రత్తగా చూచుకొనవలసియున్నది.

పల్లె ప్రజలు చదువుకొని ఈ రోగమును గెలిచిన దేశమొకటి కలదు. ఐస్లాండు గొర్రెల దేశము. 1863లో హరాల్డ్ క్రాబ్బె అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అచ్చటికి పోయి 100 కుక్కలను కోసి పరీక్షించగా 28 కుక్కలలో ఈ పురుగు కనబడినది. మరుసటి సంవత్సరము ప్రభుత్వము ఆయన వ్రాసిన చిన్న పుస్తకమును ఆ దేశభాషలో అచ్చువేయించి ఇంటింటికి ఉచితముగా పంచినది. సుదీర్ఘమైన చలికాలపు రాత్రులలో ఆ జనులు దానిని చదివిరి. బుడగలను కుక్కలకు వేయుట మానిరి. తరువాత చట్టములును వచ్చినవి. కాలక్రమమున ఆ దేశములో రోగము రూపుమాసినది. న్యూజిలాండులో 1959లో చట్టము చేసి, కుక్కలకు పరీక్షలు, మందులు నడిపి, 2002 నాటికి తమ దేశము ఈ వ్యాధినుండి దాదాపు విముక్తమైనదని ప్రకటించుకొనిరి. అచ్చట తొలి రోజులలో కుక్కలకు విరేచనము చేయించి పురుగు ఉన్నదీ లేనిదీ చూచుటకు వాడిన మందు మనము తాంబూలములో నమలు వక్కనుండి తీసిన సారమే! (వక్క ముక్కలు కుక్కకు పెట్టి చూడవద్దు. అది విషము.)

ఇక కత్తి. ఇంటి కూరగాయల కత్తిపీట ఇందుకు పనికిరాదు. సంతలో దొరకు పలుచని రేకు కత్తి ఎముక తగులగానే వంగును, లేదా అంచు పెచ్చు లేచును. ఆ ఇనుప పెచ్చు మాంసముతో బాటు కుక్క కడుపులోనికి పోవును. జానెడు అలుగు, వెన్ను దగ్గర 4, 5 మిల్లీమీటర్ల మందము, పిడి చివరిదాక పోయిన ఇనుము, దానికి రెండు మూడు రివిట్లు – ఇవి ఉన్న కత్తి చాలును. లారీ కమాను పట్టీతో కమ్మరి చేసి ఇచ్చునది మంచిదే. పదును నిలుచును, కాని తుప్పు పట్టును, కావున తుడిచి ఆరబెట్టవలెను. మంచి కత్తికి మన జిల్లా వారు దూరము పోనక్కరలేదు. కమ్మర్‌పల్లి దగ్గరి కోనసముద్రములో తయారైన ఉక్కు ఒకప్పుడు కత్తులకై పారశీకము దాక పోయెడిది. అచ్చటి కొలుముల పనిని వాయ్సీ అను ఆంగ్లేయుడు వర్ణించిన వ్యాసము 1832లో కలకత్తాలో అచ్చయినది. ఆ కొలుములు చల్లారినవి గాని, కత్తికి పొగరు పట్టు కమ్మరులు ఇంకను ఉన్నారు.

పిడి గూర్చి ఒక మాట. జారకుండుటకని గోనె పీలికలో, సైకిలు ట్యూబో చుట్టుదురు. దాని క్రింద నెత్తురు చేరి కుళ్లును. నున్నని గట్టి కర్ర పిడి, వ్రేళ్లు అలుగు మీదికి జారకుండ ముందు ఒక చిన్న అడ్డు ఉండిన మేలు. మొద్దు కత్తి ప్రమాదము కాదనుకొనువారు కలరు. అది పొరపాటు. మొద్దు కత్తికి బలము ఎక్కువ పెట్టవలసి వచ్చును; బలము పెట్టిన కత్తి జారినప్పుడు లోతుగా దిగును. కోయుటకు ముందు సానరాతి మీద రెండు వైపుల సమముగా నూరవలెను. పట్టుకొనిన కాగితమును నిలువునా కోసినచో పదును సరిపోయినట్లే.

మాంసపు కొట్లలో వాడు చింతమొద్దు వంటిది ఒకటి సమకూర్చుకొనుడు. ముందు కండ. ఎముకను నరుకుటకు తొందరపడవద్దు. కాలిని ఆడించి చూచిన కీలు ఎక్కడ ఉన్నదో తెలియును. ఆ కీలులో కత్తి మొన దించి నరములు తెంచిన, దెబ్బ వేయకనే ఎముక విడివడును. పట్టుకొను చేతి వ్రేళ్లను లోపలికి ముడిచి ఉంచవలెను. కత్తి ఎల్లప్పుడు మన ఒంటికి దూరముగా పోవలెను. గడ్డకట్టిన మాంసమును కోయబూనవద్దు. పిల్లలను, కుక్కను కూడ ప్రక్కకు పంపవలెను. ఆకలిగొన్న కుక్క కత్తి క్రిందికి మూతి చాచుట నేను చూచితిని.

తరువాత కార్జము, తిత్తులు. వెలుతురులో పెట్టి పైపైన వ్రేలితో తడిమి చూడవలెను. తెల్లని పొర, దాని క్రింద నీరు నిండిన గట్టి బుడగ తగిలినచో అక్కడ కత్తి పెట్టవద్దు. ఆ భాగము మొత్తము గోతిలోనికే. పైకి కనబడకున్నను అంగుళమునకు ఒక గాటు పెట్టి చూచుట మంచిది. ఏమియు కనబడలేదు గదా, పచ్చిగనే వేయుదునా? వేయరాదు. ఆవగింజంత బుడగ కంటికి చిక్కదు. కార్జము, తిత్తులు, తలకాయ ఎన్నడును పచ్చిగా పెట్టరాదు. పిడికిలికి మించని ముక్కలుగా కోసి, నీరు మరగ నారంభించిన తరువాత అరగంట ఉడికించవలెను. అప్పుడు బుడగలోని పురుగు చచ్చును.

ఉత్త కండను పచ్చిగా పెట్టుట నగరములలో కొందరు వేడుకగా చేయుచున్నారు. ఎండలో రెండు గంటలు ఉన్న కోడి మాంసపు వ్యర్థములలో సాల్మొనెల్లా వంటి క్రిములు వృద్ధిపొందును. కండలోను కొన్ని పురుగుల బుడగలు ఉండవచ్చును. మైనస్ 18 డిగ్రీల పెట్టెలో వారము, పది దినములు గడ్డకట్టించిన పురుగుల భయము తీరును గాని, ఇంటి ఫ్రిజ్ పై అర అంత చల్లదనమును నిలుపునని నమ్మరాదు. క్రిములు ఆ చలికి చావవు. నన్నడిగినచో మన పల్లెలకు ఉడికించుటయే మేలు. కాని ఎముక పచ్చిగా ఉన్నప్పుడే తీసివేయవలెను. ఉడికిన ఎముక, విశేషముగా కోడి ఎముక, సూదులవలె చీలి కుక్క గొంతులో, ప్రేగులలో గుచ్చుకొనును. కత్తి పని ముందు, కుండ పని తరువాత అనుటకు కారణము ఇదే.

మాంసమే తిండి కారాదు. మాంసములో భాస్వరము ఎక్కువ, సున్నము అతి తక్కువ. ఉత్త మాంసముతో పెరిగిన కుక్కపిల్ల కాళ్లు వంకరపోవును. మక్క గట్కలోనో, జొన్న సంకటిలోనో ఈ ఉడికిన మాంసమును, ఆ నీటిని కలిపి, కొంచెము మజ్జిగ పోసి పెట్టుడు. కార్జము ప్రతిదినము వద్దు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర మిగిలినదని పెట్టుదురు. అవి కుక్క నెత్తురును చెరచును.

పని ముగిసిన వెంటనే కత్తిని, మొద్దును ముందు చల్లని నీటితో కడుగవలెను. వేడి నీరు ముందే పోసిన నెత్తురు గట్టిపడి అంటుకొనును. పిమ్మట సబ్బు, వేడి నీరు. మొద్దు పైభాగమును గీకి, ఉప్పు రుద్ది, ఎండలో నిలబెట్టవలెను. కత్తికి నువ్వుల నూనె పూసి, పిడికి ఎర్ర రంగు వేసి, వంటింటి కత్తులకు దూరముగా ఉంచుడు. ఎర్ర పిడి చూచి ఇంటి ఆడవారు దానితో కూర కోయరు.

ఇంత చేసినను కుక్కకు నట్టల మందు వేయక తప్పదు. ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, అనగా 20 కిలోల కుక్కకు 100 మిల్లీగ్రాములు; పచ్చి తిండి దొరకు చోట ఆరు వారములకు ఒకసారి. ఇది పశువైద్యుని అడిగి చేయవలెను. మందు వేసిన రెండు దినములు కట్టివేసి, మలమును ఎత్తి కాల్చవలెను. మందు పురుగును చంపును, గుడ్లను చంపదు. పసుపు కళ్లము చుట్టు తిరుగు కుక్కకు ఇది మరింత ముఖ్యము. విదేశములకు పోవు సుగంధద్రవ్యములలో జంతుమలపు ఆనవాళ్లను పరీక్షించుదురు. ఏటేట రేబిస్ టీకాయు వేయించవలెను. కరచినచో గాయమునకు పసుపు అద్దుట మన ప్రాంతపు అలవాటు. పసుపు పండించు మనమే చెప్పుకొనవలెను: కుక్కకాటుకు అది మందు కాదు. కారుచున్న నీటి క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి నేరుగా ఆసుపత్రికి పోవలెను.

గ్రామాధికారులకు ఒక విన్నపము. బోనాలు, దసరా, పీర్ల పండుగ దినములలో ఊరంతట ఒకేసారి యాటలు తెగును. పండుగకు వారము ముందే ఊరి బయట, వాగుకు, బావికి దూరముగా, నిలువు గొయ్యి ఒకటి తవ్వించుడు. లోతు ఒక మనిషి నడుము దాటవలెను. వేసిన వ్యర్థముల మీద సున్నము చల్లి, మన్ను కప్పి, పైన తుమ్మకంప, బండరాళ్లు పెట్టించుడు. ఉత్త మన్నును కుక్కలు ఒక్క రాత్రిలో తోడివేయును. గొయ్యి ఎక్కడ ఉన్నదో ముందునాడే డప్పు వేయించి చెప్పించుడు. కోయువారు ఇద్దరు ముగ్గురే గదా, వారిని పిలిచి బుడగ ఉన్న కార్జము ఒకటి చూపించి చెప్పిన, పదిసార్లు చాటింపు వేసిన దానికంటె బాగుగా గుర్తుండును. ధర్పల్లి పశువైద్యశాలలో అడిగినచో అట్టి కార్జము దొరికిన దినమున కబురు చేయుదురు.