చూసే యంత్రం, నొక్కే చెయ్యి

రక్తం గడ్డకట్టే పాఠం నడుస్తుండగా మా పెండ్లిమర్రి పిల్లవాడొకడు లేచి, "గాయం మీద కడితే కనపడుతుంది గదా సార్, లోపల కడితే డాక్టరుకు ఎట్లా తెలుస్తాది?" అన్నాడు. వాళ్ల జేజికి ఒక కాలు వాచి, పిక్క పట్టేస్తే కడపకు తీసుకుపోయినారంట. "కాలికి డాప్లర్ తీయించండి" అని రాసిచ్చినారంట. స్కానింగులో గడ్డ కనపడుతుందిలే అని కూర్చోబెట్టొచ్చు. కానీ అది సగం నిజమే. అసలు తమాషా అంతా ఆ మిగిలిన సగంలో ఉంది.

అల్ట్రాసౌండ్ ప్రోబు పంపే ధ్వని, ఒక పదార్థం ముగిసి ఇంకొకటి మొదలయ్యే హద్దుల దగ్గర కొంత వెనక్కి తిరిగివస్తుంది. వచ్చిన చోటల్లా తెర మీద తెల్లని చుక్క. పారే రక్తం నుంచి ప్రతిధ్వని దాదాపు ఏమీ రాదు కనుక రక్తనాళం నల్లగా కనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, కొత్తగా కట్టిన గడ్డ నుంచి కూడా పెద్దగా రాదు. నలుపులో నలుపు! రోజులు గడిచేకొద్దీ గడ్డ బూడిదరంగుకు తిరుగుతుంది. అయితే ఊడి, గుండె మీదుగా పోయి ఊపిరితిత్తిలో ఇరుక్కునే భయం ఎక్కువగా ఉండేది కొత్త గడ్డతోనే. ఏ గడ్డను తప్పకుండా పట్టుకోవాలో సరిగ్గా దాన్నే ఈ యంత్రం చూడలేదు.

దీనికి ముందు పాదం మీది సిరలోకి అయోడిన్ కలిసిన మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవాళ్లు. కచ్చితమైన పరీక్షే. కానీ నొప్పి. పైగా కొందరిలో ఆ మందు వల్లనే కొత్త గడ్డలు కట్టేవి. దానికి పోటీగా వచ్చింది డాప్లర్.

ఈ పరీక్షకు పేరిచ్చిన డాప్లర్ అనే శాస్త్రవేత్త 1842లో చెప్పబోయింది జంట నక్షత్రాల రంగుల గురించి. రంగుల సంగతి తప్పింది, సూత్రం మాత్రం నిలిచింది. 1845లో హాలండులో బైస్ బాలట్ అనే ఆయన బూర ఊదేవాళ్లను రైలెక్కించి, ఎదురొచ్చేటప్పుడు స్వరం హెచ్చడం, దాటిపోయాక తగ్గడం చెవులతోనే పరీక్షించాడు. 1950లలో జపాన్‌లోని ఒసాకాలో సతోమురా ఇదే సూత్రాన్ని ఒంటి మీదికి తెచ్చాడు. 1960లలో సియాటిల్‌లో డొనాల్డ్ బేకర్ అనే ఇంజినీరు, స్ట్రాండ్‌నెస్ అనే సర్జను కాలి రక్తనాళాలను వినడం మొదలుపెట్టారు.

వినడమనే మాట నిజంగానే అంటున్నాను. ప్రోబు సెకనుకు 50 లక్షల కంపనాలు పంపిస్తుంది. అది ఏ చెవికీ అందదు. రక్తం సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో పోతూ, ప్రోబు దానికి 60 డిగ్రీల కోణంలో ఉందనుకోండి. వెళ్లిన ధ్వనికీ తిరిగొచ్చిన ధ్వనికీ తేడా సుమారు 650 కంపనాలు. ఆ తేడాను వేరుచేసి స్పీకరుకు ఇస్తే మామూలు మనిషి చెవికి హాయిగా వినపడుతుంది! ప్రకృతి మన కోసమని ఇట్లా కుదిర్చిందేమీ కాదు గానీ, ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ధమని టక్ టక్ మని కొడుతుంది. సిరలో ఊపిరితో పాటు హెచ్చుతగ్గులయ్యే గాలిహోరు వినిపిస్తుంది. పిక్కను చేత్తో పిసికితే గజ్జ దగ్గర ఒక్కసారిగా 'హుష్' మనాలి. అనకపోతే మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు.

ఇంత అందమైన పద్ధతీ మోసపోయేది. గడ్డ నాళాన్ని పూర్తిగా మూయకపోతే పక్కనుంచి రక్తం పోతూనే ఉంటుంది, 'హుష్' వినపడుతూనే ఉంటుంది.

చివరికి గెలిచింది నొక్కడం. పడుకున్న మనిషి కాలి సిరలో ఒత్తిడి 10 మిల్లీమీటర్ల పాదరసం దరిదాపుల్లో ఉంటుంది. పక్కనే ఉన్న ధమనిలో 80కీ 120కీ మధ్య. సిర గోడ పలచన. ప్రోబుతో కొంచెం అదిమితే చాలు, సిర రెండు గోడలూ అతుక్కుని నల్లటి గుండ్రం మాయమైపోతుంది. చీనీ తోటలో మోటారు ఆపినాక నేల మీద చప్పబడే ప్లాస్టిక్ పైపు తీరు ఇదే. లోపల బురద పేరుకుని ఉంటే ఎంత తొక్కినా చప్పబడదు. సిరలో గడ్డ ఉంటే గుండ్రం గుండ్రంగానే నిలుస్తుంది. గడ్డ కనపడనక్కర్లేదు, సిర మూసుకోకపోవడమే సాక్ష్యం.

ఎంత బలంగా నొక్కాలి? పక్క ధమని కాస్త సొట్టపోయేంత. కొలిచే పరికరం ఒంట్లోనే ఉందన్నమాట. ప్రోబును సిరకు అడ్డంగా పెట్టి నొక్కాలి గానీ నిలువుగా కాదు. నిలువుగా పెడితే ప్రోబు పక్కకు జారి సిర బొమ్మ తెర మీంచి తప్పుకుంటుంది, మూసుకుందని పొరబడతాం. గడ్డ కంటికే కనపడుతుంటే నొక్కే పని పెట్టుకోరు.

ఈ కిటుకును 1982లో అచ్చులో పెట్టింది స్టీవ్ టాల్బట్ అనే టెక్నీషియన్. ప్రొఫెసరు కాదు, రోజూ ప్రోబు పట్టుకునే మనిషి. అది నాకు మహా ఇష్టం. 1986లో న్యూయార్క్ నుంచి బి.ఎన్.రాఘవేంద్ర, బి.ఆర్.సుబ్రమణ్యం ఉన్న బృందం ప్రోబుతో నొక్కి గడ్డలు పట్టడం గురించే వ్యాసం రాసింది. 1989లో లెన్సింగ్ బృందం 220 మందికి ఎక్స్‌రే పరీక్షా, నొక్కుడు పరీక్షా రెండూ చేసి పోల్చింది. నొక్కింది గజ్జలోనూ మోకాటి వెనకా, రెండే చోట్ల. మోకాలు, తొడ భాగంలో గడ్డలున్న 66 మందిలో ఒక్కరూ తప్పిపోలేదు. పిక్కలో మాత్రమే ఉన్న 11 మందిలో దొరికింది నలుగురే. అందుకే అనుమానం తీరకపోతే వారం తర్వాత మళ్లీ రమ్మంటారు.

యంత్రం చిన్నదై చేతిలో పట్టేంతకు వచ్చింది. మన దేశంలో మాత్రం 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ రిజిస్టరు కావాలి, ఇష్టమొచ్చిన చోటికి మోసుకుపోవడానికి లేదు. చట్టం అవసరమే. కాకపోతే జేజి పిక్క చూసే యంత్రానికీ అదే కట్టడి.

వైద్యం కథ వేరే రాయదగినంత పెద్దది. 1916లో కుక్క కాలేయంలో బయటపడిన హెపారిన్, ఎలుకల మందుగా మొదలైన వార్ఫరిన్, ఇప్పటి మాత్రలు. హైదరాబాదులో 1978లో పి.వి.ఎన్.రాజు పెట్టిన గ్లాండ్ ఫార్మా పేరు తెచ్చుకున్నదీ హెపారిన్‌తోనే. సన్నని గొట్టం పంపి గడ్డనే కరిగించి తీసేస్తే కాలు బాగుపడదా అని సురేష్ వేదాంతం బృందం అమెరికాలో 692 మంది మీద పరీక్షించింది. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, తర్వాత వచ్చే వాపు, బరువు, పుండ్ల బాధ గడ్డ తీసేసినవాళ్లలో 47 శాతానికి, మామూలు మందులు వాడినవాళ్లలో 48 శాతానికి వచ్చింది.

మళ్లీ పరీక్ష సంగతికే వస్తే, నొక్కుడుకు లొంగని చోటొకటుంది. కటి ఎముకల మధ్య, కడుపు లోతున పోయే సిరలు ప్రోబుకు అందవు. అక్కడ మళ్లీ పాత డాప్లరే దిక్కు. గజ్జ దగ్గర పెట్టి వింటారు. ఊపిరితో పాటు హెచ్చుతగ్గులవుతుంటే పైన దారి తెరిచి ఉన్నట్టే అనుకుంటారు. ఒకే తీరుగా చప్పగా సాగుతుంటే పైన అడ్డం ఉందేమోనని సీటీ స్కానుకు రాసిస్తారు.