మంద్రవాద్యకారుడు - అతని జీవనోపాధి

పాశ్చాత్య వాద్యబృందముల సంగీతమును రేడియోలో వినునపుడు మన చెవి సాధారణముగా గాయకుని కంఠమునో, పియానోనో, ట్రంపెటునో వెంబడించుచుండును. వాని కడుగున నడచు గంభీరనాదమును వేరుగా గుర్తించు శ్రోతలు అరుదు. ఆ నాదము డబుల్ బాస్ అను వాద్యమునది. వయొలిన్‌ను పోలిన ఆకృతి కలిగి, మనిషి కంటె ఎత్తుగా నుండు ఈ వాద్యమునకు సాధారణముగా నాలుగు తంత్రులుండును. వానిలో మిక్కిలి మంద్రమైన తంత్రి సెకనుకు సుమారు 41 మారులు కంపించును. చిన్న రేడియోపెట్టెలోని స్పీకరు అంతటి మంద్రధ్వనిని సరిగా వెలువరింపజాలదు. దానితోపాటు పుట్టు హెచ్చుస్థాయి స్వరములను బట్టి మన చెవియే ఆ మూలస్వరమును పూరించుకొనును. ఇట్లు సగము వినబడియు, సగము వినబడకయు పాటను మోయు వాద్యమును నమ్ముకొన్నవానికి పని యెట్లు దొరకును? ఈ విషయమునే ఇప్పుడు విచారింతము.

గాయకునికి గాని, పియానో వాదకునికి గాని స్వతంత్రముగా కచేరి చేయు అవకాశము కలదు. అతని పేరు విని జనులు టిక్కెట్లు కొందురు. బాసు వాద్యకారునికి ఆ అవకాశము బహుస్వల్పము. మన కర్ణాటక సంగీతసభలలో ఘటమును, కంజిరను వాయించు విద్వాంసులవలె అతడును ఇతరుల పిలుపుమీద ఆధారపడినవాడు. జాజ్ బృందమున నలుగురున్నను, నృత్యశాలలో పదునైదుగురున్నను బాసు లేనిదే పని జరుగదు. ఒకటి యున్నచో రెండవదానితో పనిలేదు. కావున గిరాకి ఎల్లచోట్ల నుండును గాని, ప్రతిచోటను స్థానము ఒక్కటే. ఆ స్థానమునకు ఎవరిని పిలువవలెనో నిర్ణయించువారు శ్రోతలు కారు, తోటి వాద్యకారులు.

లండను నగరమున సోహో ప్రాంతములో ఆర్చర్ వీధి యను చిన్న వీధి యొకటి కలదు. 1960 ప్రాంతము వరకు పెక్కు సంవత్సరములపాటు అది వాద్యకారుల సంతగా నుండెను. సోమవారములలో వందలకొలది వాద్యకారులు ఆ వీధిలో గుమిగూడెడివారు. నృత్యశాలలకు, హోటళ్లకు, ఓడలకు బృందములను కూర్చు నాయకులు అచ్చటికి వచ్చి, ఫలానా రాత్రికి బాసు కావలెనని విచారించెడివారు. న్యూయార్కులో వాద్యకారుల సంఘపు 802వ శాఖ మందిరము అట్టి ప్రయోజనమునే నెరవేర్చుచుండెడిది. నిలువెత్తు వాద్యమును జనసమ్మర్దములో నిలిపి వాయించి చూపుట సాధ్యము కాదు. కాబట్టి అచ్చట చెల్లుబాటగునది పదిమంది నోట పడిన పేరు మాత్రమే. ఫలానావాడు వత్తునన్నచో వచ్చును, లయ తప్పడు అని మరియొక వాద్యకారుడు చెప్పిన మాటకు మించిన యోగ్యతాపత్రము లేదు.

ఈ వృత్తిధర్మమును ఒక్కరి జీవితమున చూడదలచినచో మిల్ట్ హింటన్ చరిత్రను పరిశీలింపవలెను. ఆయన 1910లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రమున విక్స్‌బర్గులో నల్లజాతి కుటుంబమున జన్మించి, షికాగోలో పెరిగెను. మొదట నేర్చినది వయొలిన్. ఆ దినములలో మూగచిత్రములు ప్రదర్శించు సినిమాశాలలలో వాద్యబృందములు వాయించుచుండెడివి. వయొలిన్ నేర్చినవారికి అది మంచి జీవనాధారము. 1927 తరువాత మాటలాడు చిత్రములు వ్యాపింపగానే ఆ బృందములు రద్దయ్యెను. సింఫనీ బృందములలో నల్లవారికి ప్రవేశమే లేదు. హింటన్ వయొలిన్‌ను విడిచి, నృత్యబృందములకు కావలసిన బాసును చేపట్టెను. 1936లో కాబ్ కాలోవే బృందమున చేరి, 1951 వరకు అందే కొనసాగెను. ఆ కొలువు ముగిసినపుడు ఆయనకు నలుబది యేండ్లు నిండియుండెను. సంసారభారము మీదనున్నది, స్థిరమైన పని లేదు.

న్యూయార్కు సంఘశాఖలో వర్ణభేదము లేకయే సభ్యత్వ మిచ్చుచుండిరి. అయినను రేడియో, రికార్డింగు స్టూడియోలలోని మంచి పనులు దాదాపుగా తెల్లవారికే పోవుచుండెను. సంఘపు తలుపు తెరచియున్నను టెలిఫోను మ్రోగెడిది కాదు. ఆ కాలమున ఒకనాడు హాస్యనటుడు జాకీ గ్లీసన్ వీధిలో హింటన్‌కు ఎదురుపడెను. వారిరువురికి పూర్వపరిచయము కలదు. గ్లీసన్ అపుడు పెద్ద వాద్యబృందముతో గ్రామఫోను రికార్డులు చేయించుచుండెను. హింటన్‌కు పనిలేదని విని, తన రికార్డింగునకు ఆయనను పిలువవలసినదని తనవారిని ఆదేశించెను. బాసు వాద్యకారుడు ముందే కుదిరియున్నాడని వారు చెప్పినను వినలేదు. తలుపు తెరచినది స్నేహము. లోపల నిలువబెట్టినది మాత్రము ఏండ్లతరబడి చేసిన సాధన. ముందుంచిన స్వరపత్రమును చూచిన తక్షణమే తప్పులేక వాయింపగల నేర్పు ఆయనకుండెను. ఆ గదిలోని వాద్యకారులు దానిని వినిరి. ఇతర నిర్వాహకులకు పేరు తెలిసెను. కొలదికాలములోనే ఆయన దినమునకు రెండు మూడు రికార్డింగులు చేయసాగెను. సతీమణి మోనా ఆదాయవ్యయములను చూచుకొనుచుండెను. 2000లో తొంబదియవ యేట మరణించునాటికి, మిక్కిలి హెచ్చుగా రికార్డు చేసిన బాసు వాద్యకారులలో ఆయన యొకడు.

రికార్డింగు పని స్వభావమే పరిచయమునకు ఇంత విలువ నిచ్చుచున్నది. అమెరికాలో సాధారణముగా ఒక్కొక్క రికార్డింగునకు మూడు గంటలు గడువు. ముప్పదిమంది కూర్చుండి వాయించుచుండగా బాసు ఒక్కటి తప్పినచో పాటను మరల పట్టవలసివచ్చును. అందరి వేతనమును, గది అద్దెయు వృథాయగును. కావున నిర్వాహకుడు ఎరుగనివానిని పిలువ సాహసింపడు. ఎరిగినవాడు దొరకనపుడే క్రొత్తవానికి వంతు. ఆ వంతు తరచుగా మరియొక బాసు వాద్యకారుని మూలముననే వచ్చును. ఒకే దినమున ఒకే వేళకు రెండు పిలుపులు వచ్చినవాడు ఒకదానికి బదులు మనిషిని పంపవలెను. తనకంటె తక్కువవానిని పంపినచో తన స్థానము పదిలమని కొందరు తలంతురు. కాని పని చెడినచో నింద పంపినవానికే చుట్టుకొనును. సమర్థుని పంపువానినే నిర్వాహకులు మరల పిలుతురు. కాబట్టి క్రొత్తగా ఊరు చేరిన వాద్యకారుడు మొదట పరిచయము చేసికొనవలసినది బృందనాయకులతో గాదు. ఆ యూరిలో తీరికలేని బాసు వాద్యకారులతో.

1951లో లియో ఫెండర్ కాలిఫోర్నియాలో విద్యుత్ బాస్ గిటారును విపణికి తెచ్చుటతో ఈ వృత్తిలో మరియొక మార్గ మేర్పడెను. 1963లో లాస్ ఏంజెలెస్‌లోని కేపిటల్ స్టూడియోలో ఒక బాసు వాద్యకారుడు రాకపోగా, గిటారు వాయింప వచ్చిన కెరోల్ కే అను యువతిని ఆ బాసు చేపట్టుమనిరి. మూడు నాలుగు గిటారులు మోసికొనిపోవుటకంటె ఒక్క బాసుతో పోవుట సులువని ఆమె గ్రహించెను. అటుపిమ్మట ఆ నగరమున హెచ్చుగా పిలుపులు పొందిన బాసు వాద్యకారులలో ఆమె యొకతె. ఒకరి గైరుహాజరు మరియొకరికి వృత్తియయ్యెను.

అయితే ఒక్క గుమ్మమునే నమ్ముకొనుట ప్రమాదకరము. డెట్రాయిటు నగరమున మోటౌన్ సంస్థ 1960 దశకమున వెలువరించిన పెక్కు ప్రసిద్ధగీతములకు జేమ్స్ జేమర్సన్ బాసు వాయించెను. లక్షలమంది ఆ పాటలు కొనిరి. వాద్యకారుల పేర్లను రికార్డుల అట్టలమీద అచ్చువేయు ఆచారము మాత్రము లేకుండెను. 1971లో మార్విన్ గే రికార్డుమీదనే ఆయన పేరు అచ్చులో కనబడెను. మరుసటి యేడు సంస్థ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయెను. జేమర్సనును ఆ నగరము చేరెను గాని, పిలుపులు క్రమముగా తగ్గెను. అనారోగ్యమును తోడై, 1983లో నలుబదియేడేండ్ల వయస్సున ఆయన మరణించెను.

తెలుగు చిత్రగీతములు ఎక్కువగా మద్రాసులో రికార్డగుచుండిన దినములలో అచ్చటి బృందములలోను డబుల్ బాస్, తరువాత బాస్ గిటారు ఉండెడివి. సింథసైజరు వచ్చిన పిమ్మట పెక్కు పాటలలో మంద్రస్వరమును మీటలే పలికించుచున్నవి. మూగచిత్రములతో పోయిన వయొలిన్ కొలువులవలె కొన్ని బాసు కొలువులును ఇట్లు పోయినవి. మిగిలినవానికి పిలుపు నేడు వీధిలో గాక చేతిఫోనులో వచ్చుచున్నది. పిలుచువాని ప్రశ్నలు మాత్రము మారలేదు. ఇతడు వేళకు వచ్చునా? వ్రాసినదానిని చదివి వాయింపగలడా? లయను నిలుపగలడా? తోటివారితో పొసగునా? ఈ నాలుగింటికి సమాధానము చెప్పగలవాడు క్రిందటి కచేరిలో అతని ప్రక్కన కూర్చుండి వాయించినవాడే.