ఎర చేపలకు విసురువల ఎంపిక

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వర్షాభావ ప్రాంతాలు. ఇక్కడి చెరువులలో నీరు నిలిచే కాలం తక్కువ. కొరమీను కదలాడే ఎరను వేటాడుతుంది. కావున గాలానికి గుచ్చే పరిగెలు ప్రాణంతో ఉండాలి.

కన్ను పెద్దదైన వలలో పరిగె మొప్పల వద్ద చిక్కి చనిపోతుంది. కన్ను మరీ చిన్నదైతే వల నెమ్మదిగా మునుగుతుంది, చేప తప్పించుకుంటుంది. కావున పరిగె తల దూరనంత కన్ను, అంచు పొడవునా సమంగా కూర్చిన సీసపు గుళ్ళు, పొలుసు రాల్చని మెత్తని నైలాన్ దారం గల వలను ఎంచుకోవాలి. మోకాలి లోతు నీటికి చిన్న వల సరిపోతుంది.

అయితే ఆ కంటిలో చెరువులో వదిలిన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు కూడా పడతాయి. వాటిని నీటిలోనే వేరుచేసి వెంటనే విడిచిపెట్టాలి. పిల్లలను వదిలిన తొలి వారాలలో ఈ వల వేయరాదు. చెరువు ఎండేలోపు అమ్మకానికి ఎదగవలసినవి ఆ పిల్లలే.