ఇంటి నిర్ణయాలకు నాలుగు గడుల పట్టీ



ప్రతి పాల సంఘమూ ఏటా జమాఖర్చుల పట్టీ, ఆస్తి అప్పుల పట్టీ తయారుచేసి మహాజన సభలో చదివి వినిపిస్తుంది. కొత్త పాల క్యాను కొనాలన్నా పాలకవర్గం తీర్మానం రాసుకుంటుంది. అదే సభ్యుడు తన ఇంటికి గేదెను కొనేటప్పుడు, కొడుకును వలస పంపేటప్పుడు, తోట తాకట్టు పెట్టేటప్పుడు కాగితం మీద ఒక్క ముక్కయినా రాసుకోడు. పొరుగువాడు కొన్నాడని కొంటాడు, బావమరిది వెళ్ళాడని వెళతాడు.

వ్యాపార సంస్థలు ఇటువంటి సందర్భాలలో వాడే పద్ధతి ఒకటి ఉంది. దానిని 'స్వాట్' విశ్లేషణ అంటారు. 1960వ దశకం నుంచి అమెరికాలోని కంపెనీలు ప్రణాళికలు వేసుకొనే క్రమంలో ఇది రూపు దిద్దుకొన్నది. పేరు కొత్తదే గాని, దీనికి కావలసినది ఒక తెల్ల కాగితం, ఒక కలం మాత్రమే.

పద్ధతి ఇది

కాగితం పైభాగాన తేల్చుకోవలసిన ప్రశ్న రాయవలెను. 'బాగుపడటం ఎలా?' అన్నది ప్రశ్న కాదు. 'ఈ ఏడు అప్పు చేసి రెండో గేదెను కొనాలా, వద్దా?' అన్నది ప్రశ్న. దాని కింద నాలుగు గడులు గీయాలి.

1. బలాలు: మన ఇంట్లో ఉన్న మేలు.
2. బలహీనతలు: మన ఇంట్లో ఉన్న లోటు.
3. అవకాశాలు: బయటి నుంచి అందగల మేలు.
4. ముప్పులు: బయటి నుంచి రాగల కీడు.

మొదటి రెండూ మన చేతిలోనివి, దిద్దుకోగలం. చివరి రెండూ మన చేతిలో లేనివి, వాటికి సిద్ధపడగలం అంతే. ఈ తేడా తెలియక పోవడమే చాలా ఇళ్ళలో చిక్కు. తుఫాను మీద విసుక్కుంటూ, చేతిలో ఉన్న బీమా ప్రీమియం కట్టడం మరచిపోతాం.

ఒక ఉదాహరణ

వజ్రపుకొత్తూరు మండలంలో ఎకరం తోట, ఒక పాడిగేదె ఉన్న కుటుంబాన్ని ఊహించుకుందాం. ప్రశ్న: కొడుకు చెన్నైకి భవన నిర్మాణ పనికి పోవాలా, లేక అప్పు చేసి రెండో గేదెను కొని ఇక్కడే ఉండాలా?

బలాలు: ఇల్లాలికి పాడి పని క్షుణ్ణంగా తెలుసు. సంఘం పాస్ పుస్తకంలో పాల లెక్క సక్రమంగా ఉంది. కొడుకు ఒళ్ళు వంచి పనిచేస్తాడు.

బలహీనతలు: ఇసుక నేల, పచ్చిమేతకు చోటు లేదు. పాత అప్పు మీద వడ్డీ నడుస్తోంది. తండ్రికి కిడ్నీ జబ్బు, వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు ఎవరో ఒకరు వెంట వెళ్ళాలి.

అవకాశాలు: సంఘం రెండు పూటలా పాలు తీసుకుంటుంది. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పని ఉంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. చెన్నైలో కూలి ఎక్కువ.

ముప్పులు: తుఫానులు, గాలికుంటు వ్యాధి, వేసవిలో గడ్డి కరవు.

ఇక జత కలిపి చూడాలి. కొడుకు చెన్నై వెళితే డబ్బు వస్తుంది నిజమే. కాని తండ్రి వెంట ఆసుపత్రికి ఎవరు వెళతారు? ఇల్లాలు వెళితే ఆ పూట పాలు పితికేదెవరు? రెండో గేదెను వెంటనే కొందామంటే ఇంకొక లెక్క ఉంది. గేదె పాలిచ్చేది సుమారు పది నెలలు, ఈతకూ ఈతకూ మధ్య పద్నాలుగు పదిహేను నెలలు. అనగా నాలుగైదు నెలలు గేదె వట్టిపోయి ఉంటుంది. బ్యాంకు వాయిదా మాత్రం ఏ నెలా వట్టిపోదు. పాత అప్పు తీరకుండా కొత్త అప్పు అంటే, తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్లే.

కావున ఈ ఇంటికి తేలిన జవాబు రెండింటిలో ఏదీ కాదు. కొడుకు ఈ ఏడు పలాసలోనే పని చూసుకొని పాత అప్పు తగ్గించాలి. గడ్డి ముందుగా నిల్వ చేసుకోవాలి. ఉన్న గేదె వట్టిపోయే నాటికి ఈనేలా చూడి గేదెను కొని, కొన్ననాడే బీమా చేయించాలి. అందరికీ ఇదే జవాబు కాదు. అప్పు లేక, పెద్దలు ఆరోగ్యంగా ఉన్న ఇంటికి చెన్నై ప్రయాణమే సరైనది కావచ్చు.

జాగ్రత్తలు

ఆశను అవకాశం గడిలో రాయరాదు. 'సబ్సిడీ వస్తుందేమో' అన్నది అవకాశం కాదు, మంజూరు కాగితం చేతికి వస్తేనే అవకాశం. బలహీనతల గడి ఖాళీగా ఉంటే, రాసినవారు నిజం రాయలేదని అర్థం. పేడ ఎత్తి, పాలు పితికే ఇల్లాలిని అడగకుండా రాసిన పట్టీ చెల్లదు.

పట్టీని ఏటా తిరగరాయాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. ముందు రోజు వరకు ఉద్దానంలో కొబ్బరి తోట బలం గడిలో ఉండేది. తెల్లవారేసరికి వేలాది ఇళ్ళలో అది పడిపోయిన చెట్ల గుట్ట. నాటు రకం మొక్క మళ్ళీ కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ వ్యవధిలో పాడి ఉన్న ఇంటికి వారం వారం కొంత చేతికి అందింది. ఒకే గడిని నమ్ముకొని కూర్చోరాదని దీనివల్ల తెలుస్తుంది.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. అప్పు దరఖాస్తు కోసం వచ్చిన సభ్యునికి ముందు ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చొని నాలుగు గడులూ నింపి రమ్మని చెప్పండి. చదువు రానివారికి మీరే రాసిపెట్టండి. సంతకం ఆ తర్వాత పెట్టించవచ్చు.

– సహకార ఇన్‌స్పెక్టరు, టెక్కలి